రెండో రీలులో మనిషి

వసుమతి పేరు అమెరికాలో షికాగో పక్కనున్న నేపర్‌విల్ తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆమె ఏం ఉద్యోగం చేసేదో మాత్రం ఒక్కరికీ సరిగ్గా తెలియదు. లైబ్రరీలో చేస్తుందని చెప్పుకునేవారు. లైబ్రరీ అన్నాక పుస్తకాలే కదా, ముద్రలు వేస్తూ కూర్చుంటుంది కాబోలని తేల్చేసుకునేవారు. డాక్టర్లూ ఇంజనీర్లూ కానివాళ్ల ఉద్యోగాల గురించి రెండో ప్రశ్న అడిగే అలవాటు మనవాళ్లకి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

నిజానికి ఆమె పుస్తకం ముట్టుకునేదే కాదు. ఆమె పనంతా బేస్‌మెంట్‌లో, సినిమా రీళ్లతో. వీడియో క్యాసెట్లు ఇంటింటికీ రాకముందు అక్కడి లైబ్రరీలు పుస్తకాల్లాగే సినిమాలు కూడా ఇచ్చేవి. బళ్లవాళ్లూ, చర్చీలవాళ్లూ, వృద్ధాశ్రమాలవాళ్లూ గుండ్రటి రేకు డబ్బాల్లో రీళ్లు పట్టుకుపోయి, ప్రొజెక్టర్ మీద ఆడించుకుని, మళ్లీ తెచ్చిచ్చేవారు. అలా తిరిగొచ్చిన ప్రతి రీలునీ మొదటినుంచి చివరిదాకా పరీక్షించడం వసుమతి పని. బల్ల మీద చేత్తో తిప్పే చక్రాలు రెండు. ఎడమ చక్రం మీది ఫిల్మ్ కుడి చక్రం మీదికి చుట్టుకుపోతుంటే, తెల్లటి నూలు తొడుగు వేసుకున్న బొటనవేలూ చూపుడువేలూ దాని అంచుల్ని పట్టుకుని ఉండాలి. అంచు వెంట వరసగా ఉండే చిల్లుల్లో ఏది చిరిగినా, ఎక్కడ అతుకు లేచినా వేలికి తగులుతుంది. తగలగానే ఆపి, భూతద్దంతో చూసి, చెడిపోయిన ముక్క కత్తిరించి, టేపుతో అతికించి, డబ్బాలో ఉండే కార్డు మీద తేదీ వేసి సంతకం పెట్టాలి.

ఇలాంటి చెయ్యి ఇంతకుముందు చూడలేదని పై అధికారి మిసెస్ నోవాక్ అనేది. పాతికేళ్లు బియ్యంలో రాళ్లేరిన చెయ్యి అదని ఆవిడకేం తెలుసు? వసుమతి ఆ మాట చెప్పకుండా నవ్వి ఊరుకునేది.

ఆ ఉద్యోగంలో చేరేనాటికి ఆమె భర్త హరనాథ్ పోయి మూడు నెలలైంది. ఆయన ఒక రంగుల కంపెనీలో కెమిస్టు. పెళ్లికి ముందు, యాభైల మధ్యలో, స్కాలర్‌షిప్ మీద రెండేళ్లు పారిస్‌లో చదివాడు. ఆ రెండేళ్ల గురించి భార్య ఎన్నిసార్లు అడిగినా "చలి ఎక్కువ" అనేసి ఊరుకునేవాడు. అక్కడ తీయించుకున్న ఫోటో ఒక్కటీ లేదు. పరమ మితభాషి. పేపరు నాలుగు మడతలు పెట్టి, ఒక్కో మడతా తిప్పుకుంటూ చదవడం తప్ప ఆయనకి వేరే వ్యసనం లేదు.

1979 జనవరిలో, షికాగో చుట్టుపక్కల ఊళ్లన్నీ మంచులో కూరుకుపోయిన రోజుల్లో ఆయన పోయాడు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఇంటిముందు దారిలో మంచు తీస్తూ, పార చేతిలో ఉండగానే కూలిపోయాడు. నలభై తొమ్మిదేళ్లు. పరామర్శకి వచ్చిన ప్రతివారికీ వసుమతి ఒకటే మాట చెప్పింది. ఎవరూ వెళ్లమనలేదు, తనంతట తనే వెళ్లారు అని.

అది అబద్ధం. ఆ ఇంట్లో మంచు తీసే పని కూతురు రేణుది. పద్నాలుగేళ్ల పిల్ల, ఆదివారం పూట ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. రెండు వీధుల అవతల ఉండే నళినీ ఆమె భర్త జగదీషూ ఆ సాయంత్రం భోజనానికి నడిచి రావాలి. నళినికి ఏడో నెల. ఎక్కడ జారిపడుతుందోనని వసుమతికి బెంగ. మెట్ల కింద నిలబడి రేణుని రెండుసార్లు పిలిచింది. పలకలేదు. రాత్రినుంచీ ఛాతీలో గ్యాస్ పట్టేసినట్టుందంటున్న భర్త చేతికి వాము కషాయం గ్లాసు ఇచ్చి, ఎంతసేపూ ఆ పేపరేనా, మీరే వెళ్లి తీయకూడదా అంది. ఇవాళ ఓపిక లేదన్నాడాయన. ఆమె మళ్లీ అంది. రెండోసారి కాస్త గట్టిగానే అంది. ఆయన పేపరు మడిచి కోటు వేసుకున్నాడు.

ఈ సంగతి భూమ్మీద వసుమతి ఒక్కదానికే తెలుసు. మొదట్లో ఎవరికీ చెప్పకపోవడానికి కారణం సిగ్గు. పదకొండో రోజు నాటికి కారణం మారింది. ఆ రోజు వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే, పక్కగదిలో రేణు నళినితో అంటున్న మాట ఆమె చెవిన పడింది. "ఇట్ వాజ్ మై జాబ్, ఆంటీ. నేను లేవలేదు. అందుకే నాన్న వెళ్లారు." ఛ, అలా అనుకోకూడదమ్మా అని నళిని ఏదో సర్దిచెబుతోంది. వసుమతి సబ్బు నురగతో ఉన్న గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పది అడుగులు నడిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. నడవలేదు. ఆ రోజు నడవని మనిషి మర్నాడూ నడవలేదు. కొన్నాళ్లకి ఆ పది అడుగులు ఎవరూ నడవలేనంత దూరమైపోయాయి. ఒకరి మీద చిన్న నిందైనా వేయని మనిషి, ఆఫీసు స్టాంపు ఒక్కటి కూడా సొంతానికి వాడుకోని మనిషి, కన్నబిడ్డ నెత్తిన అంత బరువు ఎలా ఉండనిచ్చిందంటే చెప్పేవాళ్లకే కోపం వస్తుంది. కానీ ఉండనిచ్చింది.

రేణు ఆ ఏటినుంచి ఏ చలికాలమూ ఆలస్యంగా లేవలేదు. తెల్లవారేసరికి తమ దారీ, పక్కింటి దారీ, వీధి చివరి ముసలావిడ దారీ కూడా తీసి వచ్చేది. ఎంత మంచి పిల్లని కన్నావని వీధివాళ్లు వసుమతిని మెచ్చుకునేవారు. ఆమె తల ఊపేది.

ఇక సినిమా సంగతి. 1981 నవంబరులో ఒక ఫ్రెంచి సినిమా మొదటిసారి ఆమె బల్ల మీదికి వచ్చింది. ఎప్పుడో 1955లో తీసిన నలుపు తెలుపు నవ్వుల సినిమా, మూడు రీళ్లు. ఫ్రెంచి నేర్చుకునే కాలేజీ పిల్లల కోసం కొన్న ప్రింటు కాబట్టి కింద ఇంగ్లీషు అక్షరాలుండవు. కేటలాగు చూసి మిసెస్ నోవాక్ కథ చెప్పింది. గడియారాలు బాగుచేసే పిరికివాడొకణ్ణి పోలీసులు పొరపాటున పేరుమోసిన దొంగ అనుకుంటారు. దాంతో పేటలో అతనికి ఎక్కడలేని మర్యాద వస్తుంది. రొట్టెలవాడు మొదటి వాయి అతనికే ఇస్తాడు, అద్దె ఇంటావిడ మెట్ల మీద పక్కకి తప్పుకుంటుంది. ఆ మర్యాద పోగొట్టుకోలేక అతను నిజంగానే దొంగతనాలకి బయల్దేరతాడు. తెలిసినవి గడియారాలే గనక గడియారాలే ఎత్తుకొస్తాడు. ఆగిపోయిన గడియారం కళ్లముందుంటే బాగుచేయకుండా ఉండలేడు. బాగుచేశాక తిరిగి ఇవ్వకుండా అసలే ఉండలేడు. చెడిపోయినవి పోవడమేమిటో, నడుస్తూ తిరిగి రావడమేమిటో అర్థంకాక ఇన్‌స్పెక్టర్ జుట్టు పీక్కుంటాడు. చివరి సీనులో గడియారాల సొంతదారులు అయిదుగుర్నీ కొట్లో వరసగా నిలబెట్టి ప్రశ్నలు వేస్తాడు.

రెండో రీలు సగం తిరిగాక వసుమతి వేలికి చిరుగు తగిలింది. ఆపి భూతద్దం పెట్టింది. కాఫీ హోటల్లో ఇన్‌స్పెక్టర్ కూర్చుని ఉన్నాడు. అతని వెనక మూడో బల్ల దగ్గర పొడుగు కోటు వేసుకున్న నల్లటి కుర్రవాడొకడు పక్కకి తిరిగి పేపరు చదువుకుంటున్నాడు. పేపరు నాలుగు మడతలు పెట్టి ఉంది. మఫ్లరు కొస కోటు లోపలికి దోపి ఉంది.

ఆమె తొడుగు తీసేసి కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. పెళ్లినాటి హరనాథ్‌కి అయిదేళ్లు తీసేస్తే ఈ మొహమే. సినిమావాళ్లు హోటల్లో షూటింగ్ చేస్తుంటే అక్కడున్న చదువుకునే కుర్రాళ్లని కూర్చోబెట్టి ఉంటారు, ఈయన నోరు విప్పి ఎవరికీ చెప్పి ఉండడు, అంతే. ఎనిమిది సెకండ్ల బొమ్మ. సెకండుకి ఇరవై నాలుగు చొప్పున లెక్కపెడితే నూట తొంభై రెండు బొమ్మలు. ఇన్నాళ్లకి కనిపించారా అని ఆ ఖాళీ గదిలో పైకే అంది. ఆ పూటంతా ఆమెకి భయం వేయలేదు, సంతోషమే వేసింది.

అయిదు నెలల తర్వాత ఏదో కాలేజీనుంచి తిరిగొచ్చిన ఆ రీలుని ఆమె పనిగట్టుకుని ముందుకి లాక్కుంది. అదే చోట ఆపింది. పేపరు బల్ల మీద పెట్టి ఉంది. మనిషి చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి.

పోయినసారి సరిగ్గా చూడలేదేమో అనుకుంది. ఆ అనుకోవడంలో పస లేదని ఆమెకే తెలుసు. చిల్లు చిరిగితే చీకట్లో కూడా చెప్పగల మనిషి, పేపరు చేతిలో ఉందో బల్ల మీద ఉందో పొరబడుతుందా? ఫిల్మ్ అంటే ఎండినాక మారని రంగులాంటిది. ఒకసారి పడిన బొమ్మ పడినట్టే ఉండాలి. కార్డు మీద "మనిషి పేపరు దించాడు" అని ఇంగ్లీషులో రాసి, మళ్లీ రబ్బరుతో చెరిపేసి, "బాగుంది" అని రాసి సంతకం పెట్టింది.

1983 చలికాలంలో అతని మొహం ఇటు తిరిగింది. వెనక కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండి, ఇన్‌స్పెక్టర్ భుజం మీదుగా నేరుగా చూస్తున్నాడు. ఏ బొమ్మ దగ్గర ఆపినా ఆ చూపు ఆమె మీదే ఉంది. వసుమతి భూతద్దం కింద పెట్టేసింది. బేస్‌మెంట్‌లో హీటరు గుర్రుమంటోంది, పైన ఎవరో కుర్చీ జరుపుతున్నారు, అంతా మామూలుగానే ఉంది.

అది తన చాదస్తమేనని సరిపెట్టుకునేదే. కానీ అదే డబ్బాలో ఒక చీటీ దొరికింది. సినిమా ఎలా ఉందో రాసి పంపడం కొందరికి అలవాటు. ఆ విడత సినిమా తీసుకెళ్లింది ఒక వృద్ధాశ్రమం. అక్కడి నర్సు గుండ్రటి అక్షరాలతో రాసింది. భాష తెలియకపోయినా మా పెద్దవాళ్లంతా బాగా నవ్వుకున్నారు, ముఖ్యంగా ఆ ఇండియన్ పెద్దమనిషి వాళ్లకి ఎంతో నచ్చాడు, ఆయన ఎవరికోసం ఎదురుచూస్తున్నాడో అని చాలాసేపు మాట్లాడుకున్నారు అని. ఎనిమిది సెకండ్లు వెనక బల్ల దగ్గర కూర్చున్నవాడి గురించి ఎవరైనా చాలాసేపు మాట్లాడుకుంటారా? వసుమతి ఆ చీటీని నాలుగుసార్లు చదివి, చింపి, ముక్కల్ని రెండు వేరువేరు చెత్తబుట్టల్లో వేసింది.

ఆ తర్వాత ఏడాది అతని పెదాలు కదిలాయి. ఒక బొమ్మలో మూసి ఉన్నాయి, నాలుగు బొమ్మల తర్వాత కాస్త తెరుచుకున్నాయి, ఆ తర్వాత మళ్లీ మూసుకున్నాయి. ఏదో అంటున్నాడు. లైబ్రరీలో చిన్న ప్రదర్శన గది ఉంది. మధ్యాహ్నం అందరూ లంచ్‌కి వెళ్లాక రీలుని అక్కడ ఎక్కించి ఆడించి చూసింది. ఇన్‌స్పెక్టర్ గొంతే తప్ప వేరే ఏమీ వినబడలేదు. అయినా ఆమెకి అనుమానం లేదు. ఆయన అనబోయే మాట ఏమిటో ఆమెకి తెలుసు. ఆ ఆదివారం నాటి మాట, తమ ఇద్దరికే తెలిసినది.

అక్కడినుంచి ఆమె బతుకు రెండు ముక్కలైంది. మొగుడి మొహం చూడాలని ప్రాణం కొట్టుకుంటుంది. చూస్తే ఇంకెంత దగ్గరకొచ్చాడోనని భయం. ఆ సినిమా ఎవరికైనా ఇచ్చినప్పుడల్లా వాళ్లు తిరిగి తెచ్చేదాకా అన్నం సయించేది కాదు. ఎవరు చూస్తారు, ఏం వింటారు? వినేవాళ్లలో ఆమెకి భయమున్నది ఒక్కరంటేనే. రేణు హైస్కూల్లో నాలుగేళ్లు ఫ్రెంచి చదివింది. మిషిగన్‌లో కాలేజీకి వెళ్లాక కూడా వదల్లేదు. నాన్న భాష అనేది. హరనాథ్ ఆ పిల్లతో ఒక్క ఫ్రెంచి ముక్క మాట్లాడి ఎరగడు. అయినా అలా అనేది.

1985లో లైబ్రరీవాళ్లు రీళ్ల కథ ముగిద్దామనుకున్నారు. వీడియో క్యాసెట్లకి అరలు కావాలి. పనికొచ్చేవి వేరే లైబ్రరీలకి పంపి మిగతావి పారేయమన్నారు. థాంక్స్‌గివింగ్ పండగ సెలవులకి ముందు బుధవారం మిసెస్ నోవాక్ కిందికి దిగివచ్చి, వసుమతి చేతులు పట్టుకుని, ఆ ఫ్రెంచి సినిమా నువ్వే ఉంచుకో, నీ అంత శ్రద్ధగా దాన్ని ఇంకెవరూ చూడలేదు అంది. పాత ప్రొజెక్టరు కూడా ఇప్పించింది. సాయంత్రం రేణు కారు తీసుకుని వస్తానందిగా, డిక్కీలో పెట్టిస్తానని తనే ఏర్పాటు కూడా చేసేసింది. ఆవిడ ఎంత ప్రేమగా ఇచ్చిందంటే వద్దనడానికి వసుమతికి నోరు రాలేదు.

ఆవిడ పైకి వెళ్లగానే వసుమతి రెండో రీలు చక్రానికి ఎక్కించింది. తొడుగు వేసుకోలేదు. హోటలు సీను దగ్గర ఆపి చూసింది. అతను లేచి నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి కుర్చీ వీపు మీద ఉంది. అడుగు ముందుకేయబోతున్న మనిషిలా ఉన్నాడు.

ఆరేళ్లుగా చిరిగిన ముక్కలు తప్ప కత్తిరించని మనిషి, ఆ రోజు నిక్షేపంలాంటి నాలుగడుగుల తొమ్మిదంగుళాల ఫిల్మ్ కత్తిరించింది. ముందుదీ వెనకదీ కలిపి టేపు వేసింది. ఎంత నేర్పుగా వేసిందంటే తన వేలికే తగల్లేదు. ముక్కని చుట్టి కవర్లో పెట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో దాచింది. మొగుణ్ణి రెండోసారి చంపానా అనిపించింది. అయినా కార్డు మీద ఎప్పట్లాగే "బాగుంది" అని రాసి సంతకం పెట్టింది.

రేణు వచ్చి డబ్బాలు చూసి సంబరపడిపోయింది. శుక్రవారం కలిసి చూద్దామంది. వసుమతి తలనొప్పని ఒకటి, ప్రొజెక్టరు బల్బు పాతదని ఒకటి, నళిని వస్తానందని ఒకటి చెప్పి చూసింది. అబద్ధాలకి అలవాటుపడని నోరు, ఒక్కటీ నిలబడలేదు. ఎలాగూ ముక్క తన దగ్గరే ఉంది కదా, ఇంక భయం దేనికని మనసుకి చెప్పుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం రేణు గోడకి దుప్పటి కడుతుంటే, ఆమె పడకగదిలోకి వెళ్లి తలుపేసుకుని కవరు తీసింది. రేపు దీన్ని ఎక్కడ దాచాలో ఆలోచించుకోవాలి. దానికన్నా ముందు ఒక్కసారి ఆ మొహం చూసుకోవాలి. ఫిల్మ్ ముక్కని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టింది. ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. వెనక మూడో బల్ల ఉంది. బల్ల మీద నాలుగు మడతల పేపరుంది. కుర్చీ ఖాళీగా ఉంది. ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసింది. నూట తొంభై రెండు బొమ్మల్లోనూ ఆ కుర్చీ ఖాళీగానే ఉంది.

హాల్లోంచి రేణు పిలిచింది. ముక్కని కవర్లో పెట్టేసి వసుమతి వచ్చి సోఫాలో కూర్చుంది. పరదాలు వేసేశారు. ప్రొజెక్టరు గరగరమంటూ మొదలైంది.

మొదటి రీలంతా రేణు పడీపడీ నవ్వింది. నవ్వుతూనే తల్లికి ఒక్కో మాటా తెలుగులో చెప్పుకొచ్చింది. వసుమతి తెర మీద జనం కనబడిన ప్రతిచోటా వెతికింది. ట్రాములో చూసింది, సంతలో చూసింది, మెట్ల మీద చూసింది. రెండో రీల్లో హోటలు సీను వచ్చింది. అతుకు దగ్గర బొమ్మ కొంచెం ఎగిరింది, అంతే, దాటిపోయింది. రేణు గమనించలేదు. గడియారాలవాడు ఇన్‌స్పెక్టర్ జేబులోంచే గడియారం కొట్టేసి, అది నిమిషం ఆలస్యంగా నడుస్తోందని సరిచేసి మళ్లీ జేబులో పెట్టాడు. రేణు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. తండ్రి పోయాక ఆ పిల్ల అలా నవ్వగా చూడలేదని వసుమతికి ఆ క్షణంలో తట్టింది.

మూడో రీలు. చివరి సీను. కొట్టు నిండా గడియారాలు టిక్కుటిక్కుమంటున్నాయి. ఇన్‌స్పెక్టర్ మీసం దువ్వుకుంటూ వరస ముందుకి వచ్చాడు. అందరూ ఒకేరోజు ఇక్కడికెలా వచ్చారని అతని అనుమానం. ఒక్కొక్కర్నీ అడుగుతున్నాడు, నిన్నెవరు పంపారు అని. రేణు చెబుతూనే ఉంది. రొట్టెలవాడు వాళ్లమ్మ పంపిందన్నాడు. ఇంటావిడ దేవుడు పంపాడంది. మాజీ సిపాయి ఎవరూ పంపలేదని సెల్యూట్ చేశాడు. పళ్లమ్మేది కుక్కని చూపించింది. లాయరు చెప్పనన్నాడు. వసుమతి వేళ్లు లెక్కపెడుతున్నాయి. అయిదుగురు అయిపోయారు. ఇన్ని సంవత్సరాలు వేళ్ల మధ్యనుంచి పోయిన సీను అది, అయిదుగురే ఉండేవారు.

ఇన్‌స్పెక్టర్ ఆరోవాడి దగ్గర ఆగాడు. పొడుగు కోటు, లోపలికి దోపిన మఫ్లరు. ఈసారి వెనక ఎక్కడో లేడు. గోడ మీది దుప్పటి నిండా ఆ మొహమే ఉంది. ఇన్‌స్పెక్టర్ అడిగాడు. అతను నెమ్మదిగా, మర్యాదగా జవాబు చెప్పాడు. ఆ గొంతు విని రెండువేల అయిదు వందల రోజులైంది. భాష అర్థంకాకపోయినా గొంతు ఆమెకి తెలియకపోవడమేమిటి.

"హే, ఇండియన్ గై," అంది రేణు ముందుకి వంగి. ఆ పిల్ల ఎరిగిన తండ్రి బట్టతల మనిషి. ఈ కుర్రవాణ్ణి పోల్చుకోలేదు.

"ఏమంటున్నాడే?" అని అడిగింది వసుమతి.

"వాళ్ల వైఫ్ పంపిందట." రేణు నవ్వుతూ విని ఒక్కో మాటా అందిస్తోంది. "ఇన్‌స్పెక్టర్ అంటున్నాడూ, ఆ మాట ఆమె మాకు చెప్పలేదే అని. ఇతనేమో, చెప్తుంది అంటున్నాడు. టైమ్ పడుతుంది, కానీ చెప్తుంది. అందాకా నేను కూర్చుంటాను అంటున్నాడు. హౌ స్వీట్."

తెర మీద అతను గోడ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. కోపం లేదు ఆ మొహంలో. ఆమెని ఇన్నాళ్లు భయపెట్టిన ఆ చూపులో ఎక్కడా కోపం లేదు. బస్సు కోసం కూర్చున్నవాడిలా ఉన్నాడు. వెనకాల ఇన్‌స్పెక్టర్ కదలడం మానేశాడు, వరసలో మనుషులు కదలడం మానేశారు. రీలు తిరుగుతూనే ఉంది. గడియారాల చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

"ఏంటి, స్టక్ అయిందా?" అని రేణు లేవబోయింది.

వసుమతి కూతురి చెయ్యి పట్టుకుంది. "నేనే పంపాను," అంది.

"వాట్?"

"ఆ రోజు నాన్నని మంచు తియ్యమని పంపింది నేను. ఒంట్లో బాలేదన్నారు. అయినా రెండోసారి చెప్పి పంపాను. నువ్వు లేవకపోవడం వల్ల కాదు, రేణూ. నువ్వు లేవకపోయినా, నేను అనకపోతే ఆయన వెళ్లి ఉండేవారు కాదు. నేను వెళ్లమన్నాను గనక వెళ్లారు."

తెర మీద ఏం జరిగిందో ఇద్దరూ చూడలేదు. ఫిల్మ్ అయిపోయి కొస చక్రానికి టపటప కొట్టుకోవడం మొదలుపెట్టాక గోడ మీద తెల్లటి వెలుతురు మాత్రం మిగిలింది. రేణు మొహం ఆ వెలుతురులో పద్నాలుగేళ్ల పిల్ల మొహంలాగే ఉంది. నవ్వు ఎప్పుడో పోయింది. ఆ పిల్ల తండ్రి గురించి అడగలేదు, మంచు గురించి అడగలేదు. ఒకటే అడిగింది.

"నా వల్లే అని నేను అనుకుంటున్నట్టు నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"పదకొండో రోజునుంచి. నళినితో చెబుతుంటే విన్నాను."

రేణు చెయ్యి లాక్కుంది. "సెవెన్ ఇయర్స్, అమ్మా. మరి వై?"

ఇలా అడుగుతుందని వసుమతి ఏళ్లుగా ఊహించుకుంటూనే ఉంది. జవాబులు కూడా సిద్ధం చేసుకుంది. చిన్నపిల్లవి, తట్టుకోలేవనుకున్నాను అని ఒకటి. చెప్పాలనుకుంటూనే రోజులు గడిచిపోయాయి అని ఒకటి. అన్నీ వినడానికి బాగానే ఉంటాయి. ఒక్కటీ నిజం కాదు. ప్రొజెక్టరు తిరుగుతున్నంతసేపు ఆమె వాటిలో ఏదో ఒకటి అందామని ప్రయత్నించింది.

"నువ్వు అలా అనుకుంటుంటే," అంది చివరికి, "నాకు కొంచెం తేలిగ్గా ఉండేది."

రేణు తల్లి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. వసుమతి కళ్లు దించుకోలేదు.